క్యాసెట్‌లో మగ్గం చప్పుడు

పాఠకుడి ఉత్తరం:

అక్కా నమస్కారం. మాది ప్రొద్దుటూరు, చిన్న బట్టల అంగడి ఉంది, నేను 1974లో పుట్టినా, 51 ఏళ్ళు. మా నాయన జమ్మలమడుగు పక్కన పల్లెలో మగ్గం నేసేవాడు, పోయిన ఏడాది ఉగాదికి ముందు చనిపోయినాడు, 79 ఏళ్ళు. దినాలు అయిన మరుసటి రోజే అంగడి తెరిచినా, ఒక్క చుక్క ఏడవలేదు. ఈమధ్య ఆ ఇల్లు సర్దుతాంటే అటక మీద రేకు పెట్టెలో నలభై దాకా క్యాసెట్లు దొరికినాయి. నాయనకు ఘంటసాల పాడితేనే పాట, నేను టెన్త్ చదివేటప్పుడు బాలు పాటలు పెడితే "ఆ గోల తగ్గించురా" అనేవాడు. ఒక్కసారి మాత్రం, 1989లో, రేడియో ముందర టేప్ రికార్డర్ పెట్టి నేను రికార్డు చేసుకున్న పాట విని "అది ఇంకొకసారి వెయ్‌రా" అన్నాడు. ఆ క్యాసెట్ కూడా దొరికింది. పాత టేప్ రికార్డర్ రిపేరు చేయించి పెట్టి విన్నా, ఏడుపు ఆగలేదు. అదే పాట యూట్యూబ్‌లో పెడితే ఏమీ అనిపించలా. కొత్త పాటలైతే చెవి దాకా కూడా రావు. మా పిల్లోడు ఇంటర్ సెకండియర్, కారులో వాడి పాట పెడితే నేను ఆపేస్తా, మొన్న గొడవ పెద్దదై "నీ పాటలన్నీ చచ్చిపోయినోళ్ళ పాటలు నాయనా" అనేసినాడు. అప్పటి నుంచి కారెక్కితే చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుంటాడు. నేను రాత్రి అందరూ పడుకున్నాక ఒంటిగంట, రెండింటి దాకా ఆ క్యాసెట్లే వింటాన్నా. కొత్త పాటల్లో నిజంగానే జీవం లేదా, లేకుంటే నా మనసే మొద్దుబారిపోయిందా? ఇంకొకటి, ఆ 1989 క్యాసెట్‌లో పాట వెనకాల మగ్గం చప్పుడు కూడా పడింది, పాట చివరిదాకా బాగానే ఉంది గానీ మగ్గం చప్పుడు సగం దాకే వినపడుతుంది, తర్వాత ఉండదు, టేపు పోతాంది కాబోలు. పోకుండా ఏం చేయాలో చెప్పండి.

సమాధానం:

తమ్ముడూ, మీ ఉత్తరం ఒకసారి చదివి పక్కన పెట్టి, సాయంత్రం మళ్ళీ తీసి చదివినా. చివర్లో టేపు గురించి అడిగినారే, దానికి జవాబు నా జవాబు చివర్లోనే చెప్తా, ఎందుకంటే మీరు అడిగిన వాటన్నిటిలోకి నాకు అదే పెద్దది అనిపించింది.

ముందుగా ఆ "మొద్దుబారిన మనసు" అనే మాట తీసేయండి. మొద్దుబారినోడు క్యాసెట్ పెట్టగానే అట్ల కూలిపోడు. దినాలు అయిన మరుసటి రోజే అంగడి తెరిచినా, ఒక్క చుక్క ఏడవలేదు అని మీరే రాసినారు, ఆ ఏడుపు ఎక్కడికి పోతుంది చెప్పండి, ఏడాది పాటు గిరాకీల ముందర, పెండ్లిళ్ళ సీజన్‌లో, బాకీల లెక్కల్లో మీరు దాన్ని లోపలే అదిమి పెట్టుకున్నారు, అటక మీద పెట్టె తెరవంగానే అది బయటికొచ్చింది. పాట దానికి దారి ఇచ్చింది, అంతే. మీరు మాత్రం దీన్ని పాత పాట, కొత్త పాట పంచాయితీ చేసి పిల్లోడి మీదికి తీసకపోయినారు. నాయన పోయిన బాధ వేరు, పాటల్లో మంచిచెడ్డలు వేరు, ఈ రెండూ ఒక ముడిలో పడినాయి మీకు, నిదానంగా విప్పుకుందాం.

మొదట పాట సంగతే చూద్దాం, ఎందుకంటే మీరు అనేదాంట్లో నిజం లేకపోలేదు, ఏదో ఓదార్చాలని నేను దాన్ని కొట్టిపారేయను. పాత రికార్డింగ్ అంటే పాడేవాళ్ళు, వయొలిన్ల వాళ్ళు, తబలా, వీణ, ఫ్లూట్ అందరూ ఒకే హాల్లో కూర్చొని ఒకేసారి చేసేది. ఒకరు తప్పు చేస్తే అందరూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. అందుకే రిహార్సల్స్ రోజుల తరబడి జరిగేవి, గాయకుడికి మాట మాట నోట్లో నానిపోయేది, ఏ అక్షరం ఎక్కడ వదలాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నీ తెలిసిపోయేవి. మనం వినేటప్పుడు ఆ ఊపిరి కూడా వినపడుతుంది. గొంతు ముందర ఉండి వాయిద్యాలు వెనక ఉండేవి, సాహిత్యం నేర్చుకోవాలని కూర్చోకుండానే వచ్చేసేది. ఇప్పుడు చెన్నైలో ఒకరు గిటార్ వాయించి పంపిస్తే హైదరాబాద్‌లో ఇంకొకరు పాడతారు, పాడింది కూడా ముక్కలు ముక్కలుగా పాడి కంప్యూటర్‌లో అతుకుతారు, శృతి కాస్త తప్పితే సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆటోట్యూన్ అనేది 1997లోనే వచ్చింది. దాంతో గొంతు నున్నగా వస్తుంది. నున్నగా ఉన్నదాని మీద మనసు నిలబడడం కష్టం, ఇది నా అభిప్రాయం.

ఇంకొకటి శబ్దం సంగతి. పాత పాటలో ఒకచోట గొంతు సన్నగిల్లుతుంది, ఇంకొకచోట లేస్తుంది, ఆ ఎత్తుపల్లాలు ఉంటాయి. ఇప్పటి పాటలు చాలావరకు మొదటి నుంచి చివరిదాకా ఒకటే మోతగా మిక్స్ చేస్తారు, ఫోన్ స్పీకర్‌లో, ఆటోలో, జిమ్‌లో ఎక్కడ పెట్టినా గట్టిగా వినపడాలని. స్పెయిన్ పరిశోధకులు 2012లో ఒక పని చేసినారు, 1955 నుంచి 2010 దాకా వచ్చిన 4,64,411 రికార్డింగులని కంప్యూటర్‌తో లెక్కగట్టి చూసినారు, అవన్నీ పడమటి దేశాల పాటలు, మన తెలుగు పాటలు కావు, ఆ తేడా గుర్తుపెట్టుకోవాల. ఏళ్ళు గడిచేకొద్దీ పాటలు గట్టిగా అవుతా వచ్చినాయి, వాయిద్యాల ధ్వనుల్లో వైవిధ్యం తగ్గుతా వచ్చింది, స్వరాలు ఒకదాని నుంచి ఇంకొకదానికి పోయే దారులు కూడా తగ్గినాయి అని తేలింది. కాబట్టి మీ చెవి మీకు పూర్తిగా అబద్ధం చెప్పడం లేదు.

కానీ తమ్ముడూ, ఆ పాటలు మనలోకి అంతగా దిగినాయంటే పాట మంచిది కావడం ఒక్కటే కారణం కాదు. మనం వాటి కోసం ఎంత కాచుకున్నామో గుర్తుందా. మా ఇల్లు అనంతపురం పాతూరులో, మా అన్న 15 పైసల కార్డు మీద పాట పేరు, ఇంటిల్లిపాది పేర్లు రాసి రేడియోకి పంపించేవాడు, ఆ పాట ఏ వారం వేస్తారో తెలీదు, అసలు వేస్తారో లేదో తెలీదు, సాయంత్రమైతే మీడియం వేవ్‌లో కడప స్టేషన్ పట్టడానికి రేడియోని కిటికీ వైపు తిప్పి, ఇంకా కొంచెం పక్కకి తిప్పి, గుర్రుమనే మోత తగ్గేదాకా పట్టుకొని నిలబడేవాళ్ళం. మా పేర్లు చదివిన రోజు మా అమ్మ చట్టి పొయ్యి మీద నుంచి దించేసి వచ్చి కూర్చుంది. తర్వాత క్యాసెట్లు వచ్చినాయి, అంగడాయనకు చీటీ మీద పన్నెండు పాటలు రాసిస్తే వారానికి ఎక్కించి ఇచ్చేవాడు, ఆ పన్నెండే ఆరు నెలలు విన్నాం, వేరే గతి లేదు, నచ్చని పాట కూడా మధ్యలో ఉంటుంది, దాన్ని దాటించాలంటే బటన్ నొక్కి అంచనాగా ఆపాల, అందుకని నచ్చనిది కూడా వినేవాళ్ళం, ఏడోసారికి అది కూడా నచ్చేది.

దీని వెనక లోపల జరిగేది ఒకటుంది. కెనడాలో మాంట్రియల్ పరిశోధకులు 2011లో, మనుషులకు బాగా ఇష్టమైన సంగీతం వినిపిస్తా మెదడు స్కాన్ తీసినారు. ఒళ్ళు జలదరించే క్షణంలో మెదడులో ఆనందానికి సంబంధించిన డోపమైన్ అనే రసాయనం విడుదలైంది, అది మనం ఊహించేదే, కానీ ఆ క్షణం రాకముందే, ఇదిగో వస్తాంది, వస్తాంది అని కాచుకునే ఆ కొన్ని సెకన్లలో కూడా మెదడులో వేరేచోట డోపమైన్ విడుదలైంది. చరణం అయిపోయి పల్లవికి తిరిగే చోట మీ ఛాతీలో ఏదో లేస్తుందే, అది ఇదే. ఆ మలుపు ఎక్కడుందో తెలిసినోడికే ఆ కాచుకోవడం ఉంటుంది. మీ 1989 పాట మీరు కొన్ని వందలసార్లు విని ఉంటారు. మీ పిల్లోడి పాట ఎన్నిసార్లు విన్నారు? ఆపేసిన పాట సగంసారి కూడా విన్నట్టు కాదు. అందులో ఏ మలుపు ఎక్కడుందో మీకు తెలీదు, తెలియకుండా జీవం లేదని ఎట్ల అనేస్తాం.

పాతవన్నీ బంగారమా అంటే అదీ కాదు. మన చిన్నప్పుడు రేడియోలో వచ్చిన పాటల్లో పదింట్లో ఎన్ని ఇప్పుడు నోటికొస్తాయి చెప్పండి. వచ్చినవి వచ్చినట్టే పోయినాయి, నిలబడినవే మన దగ్గర మిగిలినాయి, ఆ మిగిలినవాటిని తెచ్చి ఈ వారం రిలీజైన వాటన్నిటితో పోలుస్తాం. జల్లెడ పట్టిన బియ్యాన్ని కళ్ళంలో కుప్పతో పోల్చినట్టు ఉంటుంది అది.

అసలు పాత అంటే ఎంత పాత అనేది కూడా ఆలోచించండి. మన రాజంపేట పక్కన తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా బతికినాడు, ఆయన పాటలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరిచినారు, పాట ఉంది, పైన రాగం పేరు ఉంది, అంతే, ఎట్ల పాడాలో స్వరం లేదు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఆ రేకులు బయటపడినప్పుడు వాటిని ఎట్ల పాడేవాళ్ళో చెప్పేవాళ్ళు లేరు. మన అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణ శర్మ గారు తిరుపతిలో కూర్చొని ఆ పాటలకు వరసలు కట్టినారు, ఆయన తర్వాత ఇంకొందరు కట్టినారు. ఈరోజు పొద్దున్నే గుడి మైకులో వచ్చే అన్నమయ్య పాట వింటే మనకు ఐదు వందల ఏళ్ళ నాటిది విన్నట్టు ఉంటుంది, మాట ఆనాటిదే, కానీ ఆ వరస మీ నాయన పుట్టిన కాలానికి అటూ ఇటూ కట్టింది. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది, వరస కొత్తదని తెలిసిన తర్వాత కూడా ఏం తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది, ఎవరో ఒకాయన కూర్చొని ఆ మాటల్లోకి మళ్ళీ ప్రాణం పోసినాడు కదా అని.

ఇప్పుడు మీ నాయన దగ్గరికి వస్తా. 79 ఏళ్ళకు పోయినాడంటే 1945 ప్రాంతంలో పుట్టి ఉంటాడు. ఆయనకు మీసాలు మొలిచే వయసులో, పెండ్లి చూపుల వయసులో ఊరంతా ఘంటసాల గొంతే. మనిషికి సుమారు పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ లోపల, అందులోనూ పదిహేను ఇరవై మధ్యలో విన్నవి, చూసినవి జీవితాంతం మిగతావాటి కంటే గట్టిగా గుర్తుంటాయని జ్ఞాపకాల మీద పనిచేసేవాళ్ళు చాలాకాలంగా చెప్తున్నారు. బాలు మొదటి సినిమా పాట రికార్డయింది 1966 డిసెంబరులో, అప్పటికే మీ నాయన చెవి నిండిపోయింది. (బాలు మన అనంతపురంలోనే ఇంజనీరింగ్‌లో చేరినాడు, టైఫాయిడ్ వచ్చి చదువు మానుకొని మద్రాసు పోయినాడు, లేకుంటే ఆయన ఎక్కడో ఇంజనీరుగా రిటైరయ్యేవాడేమో, తలుచుకుంటే భయమేస్తుంది నాకు.) మీరు పుట్టిన ఏడాదే, 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయినాడు, అప్పటికి ఆయనకు 51, సరిగ్గా ఇప్పుడు మీ వయసు. కాబట్టి మీ ఇంట్లో మీరు పుట్టేటప్పటికే మీ నాయన లోపల, ఇంక పాట అయిపోయింది అనే దిగులు ఒకటి ఉండింది. మీకు పదిహేనేళ్ళు వచ్చేటప్పటికి ఆయనకు బాలు గొంతు గోల. 1992లో రెహమాన్ మొదటి సినిమా పాటలు వచ్చినప్పుడు మా అన్న, ఆ కార్డులు రాసిన అన్నే, ఇది మిషన్ సంగీతం, ఇందులో మనిషి లేడు అన్నాడు. ఇప్పుడు అదే రెహమాన్ కడప పెద్ద దర్గా ఉరుసుకు వస్తున్నాడంటే మా అన్న మనవరాలిని వెంటబెట్టుకొని పోతాడు, ఆ పాటలనే "పాత మంచి పాటలు" అంటాడు. ప్రతి తరం ఈ గడప దగ్గర ఒకసారి తన్నుకుంటుంది తమ్ముడూ, మీరు మొదటివాళ్ళేం కాదు.

నా సంగతి కూడా చెప్తా, ఎందుకంటే మీరు చేసిన పని నేను కూడా చేసినా, దానికి ఇప్పటికీ బాధపడతా. మా కూతురు డిగ్రీ చదివేటప్పుడు ఒక పాట పట్టుకుంది, ఏం పాటో, డప్పుల మోత, మధ్యలో ఇంగ్లీషు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, పరీక్షల నెల మొత్తం అదే పాట, పొద్దున స్నానం చేసేటప్పుడు అదే, రాత్రి చదివేటప్పుడు అదే. ఒకరోజు నేను ప్లగ్గు పీకేసినా. అది ఏమీ అనలేదు, పుస్తకం తీసుకొని మేడ మీదికి పోయింది. తర్వాత ఉద్యోగం వచ్చి బెంగుళూరు పోయింది, పెండ్లయింది, ఇప్పుడు ఎక్కడో దూరాన ఉంది. నాలుగైదేళ్ళ కిందట అనంతపురం నుంచి కర్నూలు పోతాన్నా బస్సులో, గుత్తి దాటి డోన్ వైపు పోతాంటే డ్రైవర్ పాటలు పెట్టినాడు, అందులో ఆ పాట వచ్చింది. తమ్ముడూ, నా కూతురి తడి జుట్టు, ఆ షాంపూ వాసన, మేడ మెట్ల మీద దాని చెప్పుల చప్పుడు, అన్నీ ఒక్కసారిగా వచ్చి పడినాయి, కిటికీ వైపు తిరిగి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చినా. ఆ పాట మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. నేను పీకేసిన ప్లగ్గే అందులో ఉంది.

మీ పిల్లోడికి ఇప్పుడు పదిహేడు. నేను పైన చెప్పిన ఆ వయసు ఇదే, ఇప్పుడు మీ కారులో మోగేవే, ఆగిపోయేవే, ఇరవై ఏళ్ళ తర్వాత వాడికి పాత పాటలు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో ఒక స్టడీ వేసినారు, ఇరవై ఏళ్ళ పిల్లలకు 1955 నుంచి 2009 దాకా హిట్టయిన పాటలు వినిపించి ఏ పాట మనసుకు తగులుతోంది, ఏది జ్ఞాపకాలు తెస్తోంది అని అడిగినారు. వాళ్ళ సొంత కాలం పాటలు తగిలినాయి, అది మామూలే, కానీ వాళ్ళ అమ్మానాయనలు వయసులో ఉన్నప్పుడు వచ్చిన పాటలు కూడా గట్టిగానే తగిలినాయి, వీళ్ళు పుట్టక ముందరి పాటలు అవి. ఇంకా వెనక్కి పోతే 1960ల పాటల దగ్గర కూడా అట్లాంటిదే కొంచెం చిన్నగా కనపడింది, అది అవ్వాతాతల కాలం. ఇంట్లో మోగిన పాటలు పిల్లలకు ఎవరూ నేర్పకుండానే అందుతాయన్నమాట. మీ పిల్లోడు మీ పాటల్ని కాదంటున్నాడని మీరు అనుకుంటున్నారు గానీ వాడి చెవిలో అవి ఎప్పుడో పడి ఉన్నాయి, ఇంట్లో గొడవ లేకుండా మోగితే అవి వాడివి కూడా అవుతాయి.

వాడు అన్న మాట మీకు గుచ్చుకుంది, నాకు తెలుసు. "చచ్చిపోయినోళ్ళ పాటలు." ఆ మాట నేను ఇంకొక రకంగా చదివినా, తప్పయితే క్షమించండి. వాడికి జేజినాయన పోయి ఏడాది దాటింది, మీ ఉత్తరంలో వాడు ఏడ్చినాడా, ఎట్ల ఉన్నాడు అనే మాట ఒక్కటి లేదు, మీరు అడిగినట్టు లేరు, మీరే అంగడి తెరిచి నిలబడినారు కాబట్టి వాడు కూడా కాలేజీకి పోయి నిలబడి ఉంటాడు. రాత్రి రెండు గంటలప్పుడు ముందు గదిలో నాయన టేపు పెట్టుకొని ఏడుస్తాంటే పక్క గదిలో పదిహేడేళ్ళ పిల్లోడికి నిద్ర పట్టి ఉంటుందా? వాడికి వినపడుతుంది. కారులో కూడా అవే పాటలు మొదలైతే వాడికి అది ఆ రాత్రి గదే అయిపోతుంది, దాని నుంచి తప్పించుకోవడానికి ఆ మాట అనింటాడు. పాటల్ని తిట్టలేదు వాడు, మీకోసం భయపడినాడు.

కాబట్టి నేను చెప్పేది ఇది, రాత్రి వినడం మానేయండి, పాటలు మానమని కాదు, వేళ మార్చండి, పగలు వినండి, తలుపు తీసి పెట్టి వినండి, ఇంట్లో వాళ్ళు వచ్చి కూర్చుంటే కూర్చోనివ్వండి, ఏడుపొస్తే వాళ్ళ ముందరే ఏడవండి, ఏం కాదు. ఇంకా నెల, రెండు నెలలు పోయినా నిద్ర పట్టకపోతే, అంగడికి పోబుద్ధి కాకపోతే డాక్టరుని కలవండి, లేదా 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, అందులో చిన్నతనం ఏమీ లేదు. పిల్లోడితో ఈ గొడవ గురించి పెద్ద చర్చ పెట్టొద్దు, మా కాలంలో అని అసలు మొదలుపెట్టొద్దు. కడపకో, మైదుకూరుకో పోయే పని ఉన్నప్పుడు వాణ్ణి ఎక్కించుకొని, నీకు ఇష్టమైంది ఒకటి పెట్టు అనండి, పెట్టినాక మొదటి నుంచి చివరిదాకా మాట్లాడకుండా వినండి, మొహం చిట్లించొద్దు, బాగుంది అని అబద్ధం కూడా చెప్పొద్దు, వాళ్ళు ఇట్టే కనిపెడతారు. అయిపోయినాక, ఇందులో నీకు ఏ చోటు వచ్చేటప్పుడు బాగుంటుంది, అది మళ్ళీ పెట్టు అని అడగండి. ఆ చోటు వాడు చూపించినాడంటే మీకు తలుపు తీసినట్టే. నచ్చకపోయినా పర్వాలేదు, నాకు మా కూతురి పాట ఇప్పటికీ నచ్చదు.

ఇంక టేపుల సంగతి. వెంటనే చేయాల్సింది ఏందంటే ఆ 1989 క్యాసెట్‌ని రోజూ వేయడం ఆపండి. రిపేరు చేయించిన పాత మిషన్‌లో రబ్బర్లు అరిగి ఉంటే రీలు ఎప్పుడైనా చుట్టుకుపోతుంది, చుట్టుకొని నలిగితే ఆ ముక్క మళ్ళీ రాదు. క్యాసెట్ కింది అంచులో మధ్యన రీలుని, మిషన్‌లో పాటని చదివే హెడ్డుకు ఆనించే చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది, దాని జిగురు ఎండిపోయి ఊడిపోతుంటుంది, ఉందో లేదో చూసుకోండి, లేకుంటే శబ్దం మందగిస్తుంది. పైఅంచులో రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటే విరగ్గొట్టేయండి, అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా దాని మీద వేరేది పడదు. హెడ్డుని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరినాకే క్యాసెట్ పెట్టాల. పాట వేసేముందు రీలు మొత్తం ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి చుట్టండి, ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న రీలు కాస్త వదులవుతుంది. అటక మీద మాత్రం మళ్ళీ పెట్టొద్దు, మన ఎండలకు రేకు పెట్టె పొయ్యి మాదిరి కాలుతుంది, స్పీకర్ పక్కన కూడా పెట్టొద్దు, అందులో అయస్కాంతం ఉంటుంది. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కి ఒక వైరు వేసి, ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసుకోవచ్చు, ఎక్కించినాక రెండు మూడు చోట్ల దాచిపెట్టుకోవాల.

యూట్యూబ్‌లో అదే పాట మీకు ఎందుకు తగల్లేదో కూడా ఇక్కడే ఉంది. మీ మిషన్ మోటారు ఆ రోజుల్లో కాస్త జోరుగానో నిదానంగానో తిరిగి ఉంటే మీరు ముప్పై ఏళ్ళు గుర్తుపెట్టుకున్న శృతి వేరు, ఒరిజినల్ శృతి వేరు, చెవికి ఏదో తేడాగా ఉంటుంది, ఎందుకో తెలీదు. అంతకంటే పెద్ద సంగతి, మీరు రేడియో ముందర టేప్ రికార్డర్ పెట్టి రికార్డు చేసినారు, వైరు వేసి కాదు, అంటే మిషన్ మైకు ఆ ఇల్లంతా విన్నది. రేడియోలో పాట ఒక్కటే కాదు, ఆ గది, ఆ సాయంత్రం, మీ నాయన మగ్గంలో దారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు అన్నీ అందులోకి పోయినాయి. యూట్యూబ్‌లో పాట శుభ్రంగా ఉంది. మీ ఇల్లు లేదు అందులో.

ఇప్పుడు మీరు అడిగిన ఆ టేపు పోవడం గురించి. తమ్ముడూ, టేపు పోలేదు. టేపు పోతే పాట కూడా మసకబారాల, పాట చివరిదాకా బాగానే ఉందని మీరే రాసినారు, పాట అంత స్పష్టంగా ఉండి దాని పక్కనున్న మగ్గం చప్పుడు ఒక్కటే పోదు. మీ నాయన మగ్గం ఆపినాడు. కూలికి నేసేవాడికి చెయ్యి ఆగితే ఆ పూట పని అంత వెనకబడుతుందని బట్టల అంగడి నడిపే మీకు నేను చెప్పాల్సిన పని లేదు, ఆ మనిషి, గోల తగ్గించురా అనే మనిషి, పాట సగంలో చెయ్యి ఆపి మగ్గం గుంతలో అట్లనే కూర్చొని మిగతా సగం విన్నాడు. అది అయిపోయినాకే "ఇంకొకసారి వెయ్‌రా" అన్నాడు. మీరు ఏడ్చేది ఘంటసాల పాటకు కాదు చూడండి, ఆయన పెట్టెలో నలభై క్యాసెట్లు ఉన్నాయి, మిమ్మల్ని కూలదోసింది మాత్రం మీ పాట, మీకు పదిహేనేళ్ళప్పటి కొత్త పాట, దాన్ని మీ నాయన విన్న పాట.

ఆ క్యాసెట్ కంప్యూటర్‌కి ఎక్కించే పని మీ పిల్లోడికి ఇవ్వండి, ఆ వైర్లు, సాఫ్ట్‌వేర్ మనకంటే వాడికే బాగా తెలుస్తాయి. మగ్గం చప్పుడు ఎక్కడ ఆగుతుందో వాణ్ణే కనుక్కోమనండి, ఎందుకు ఆగిందో మీరు చెప్పండి. ఆ సాఫ్ట్‌వేర్‌లో వెనక చప్పుళ్ళు తీసేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది, పాట బాగా రావాలని పిల్లోడు అది నొక్కేస్తాడేమో, ముందే చెప్పి పెట్టండి, అది మాత్రం ముట్టుకోవద్దని.